వీపు చాటు

గురువారం మధ్యాహ్నం పళ్ళాయన మైనం కరిగిస్తుండగా జేబులో ఫోను గుర్రుమంది. ఎదురుగా స్పిరిట్ దీపం వెలుగుతోంది, చేతిలో సగం కట్టిన పళ్ళ సెట్టు ఉంది. అందుకని వెంటనే చూడలేదు. పై దవడలో ముందరి పళ్ళు ఆరూ వరసగా నిలబెట్టి, కత్తి మొనతో చిగురు దగ్గర మైనం సర్ది, కింది దవడతో కలిపి ఇత్తడి కీలుకి బిగించి, మధ్యలో నీలం కాగితం పెట్టి టకటకా కొరికించాడు. ఎడంవైపు ఒక పన్ను మీద నీలం మచ్చ పడింది. దాన్ని రవ్వంత అరగదీశాడు. ఆ పళ్ళు ఎవరికోసమో అతనికి తెలీదు. ముందుగదిలో డాక్టరు నోటి అచ్చు తీసి, చీటీ మీద "మగ, అరవై ఒకటి" అని రాసి పంపుతాడు. వెనకగదిలో ఇతను పళ్ళు కట్టి పంపుతాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో ఎంతమంది తన పళ్ళతో నములుతున్నారో గానీ, వీధిలో ఎదురుపడితే వాళ్ళెవరో ఇతనికీ తెలీదు, ఇతనెవరో వాళ్ళకీ తెలీదు. అదే హాయి అనుకునే రకం మనిషి.

చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. ఆదివారం సైకిళ్ళ గుంపులో మెకానిక్ పెట్టిన మెసేజ్. "ఈ ఆదివారం నుంచి హైవే కాదు, కాలువ గట్టు. అందరం లావు టైర్ల మీదే. లేనివాళ్ళ కోసం షాపులో ఒకటి ఉంచాను, వచ్చి తీసుకోవచ్చు." దాని కింద అప్పుడే ఆరు బొటనవేళ్ళు లేచి ఉన్నాయి.

గుంపులో ఉన్నది ఎనిమిది మంది. రాసినవాడు ఒకడు, వేలు ఎత్తినవాళ్ళు ఆరుగురు. ఇక ఆ "లేనివాళ్ళు" ఎవరో పెద్దగా ఆలోచించక్కర్లేదు. పళ్ళాయనకి తల కొట్టేసినట్టయింది. నన్నొక మాట అడగనైనా లేదే అనుకున్నాడు. ఫోను బల్ల మీద బోర్లా పడేసి, అరగదీసిన పన్నునే ఇంకాస్త అరగదీశాడు.

ఈ లావు టైర్ల పిచ్చి రెండేళ్ళ నుంచీ ముదురుతూనే ఉంది. మొదట అంటించుకొచ్చినవాడు మందుల షాపాయన. గ్రావెల్ బైక్ అని దానికి పేరు. దూరం నుంచి చూస్తే మామూలు రోడ్ బైక్ లాగే వంపు తిరిగిన హ్యాండిలూ, సన్నటి ఒళ్ళూ. దగ్గరికొస్తే టైరు రెండింతలు లావు, దాని నిండా బుడిపెలు. కంకరయినా మట్టయినా ఎక్కడికైనా పోతుందని మందుల షాపాయన ఊదరగొట్టాడు. ఎక్కడికైనా పోయే సైకిలు ఎక్కడికీ త్వరగా పోదు అని పళ్ళాయన మనసులో అనుకున్నాడు. ఏది అనుకున్నా మనసులో అనుకోవడమే అతని పద్ధతి. ఆ తరవాత ఒక్కొక్కరూ అదే కొన్నారు, అయినా ఆదివారాలు మాత్రం అందరూ పాత సన్న టైర్ల సైకిళ్ళ మీదే హైవేకి వచ్చేవారు. అందుకే అతను పట్టించుకోలేదు. ఇంట్లో ఎన్ని సైకిళ్ళు పెట్టుకుంటే ఎవరికేం?

హైవే మీద ఎనిమిది సైకిళ్ళూ ఒకదాని వెనక ఒకటి, మధ్య జానెడు ఎడంతో పోతుంటే చూడాల్సిందే. ముందున్న మనిషి గాలిని చీలుస్తాడు, మిగతా ఏడుగురూ ఆ చాటున పోతారు. కాసేపయ్యాక ముందున్నవాడు మోచెయ్యి ఆడించి, పక్కకి తప్పుకుని, వరస చివరికి చేరతాడు. అప్పుడు రెండోవాడి వంతు. గుంట వస్తే ముందువాడు వేలు కిందికి చూపిస్తాడు. ఆ వేలు ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా పోతుంది. నోటితో పనిలేదు. ఇన్నేళ్ళలో పళ్ళాయన వాళ్ళతో ఆడిన మాటలన్నీ కూడగట్టినా ఒక పోస్టుకార్డు నిండదు. ఊరి నోళ్ళన్నీ బాగుచేస్తాడు గానీ తన నోరు మాత్రం తెరవడని మందుల షాపాయన హాస్యమాడేవాడు. అయినా పళ్ళాయన లెక్కలో వారం మొత్తానికి అతను మనుషుల మధ్య గడిపేది ఆ రెండు గంటలే. మిగతాదంతా వెనకగది, మేడమీది గది.

వరసలో అతని చోటు ఎప్పుడూ డ్రైవరమ్మ వెనకే. స్కూలు బస్సు నడుపుతుంది కాబట్టి ఆవిడ డ్రైవరమ్మ. భారీ మనిషి. ఆవిడ వీపు అతనికి కంఠతా వచ్చు. చొక్కా కుడి భుజం దగ్గర కుట్టు వదిలితే తెల్లదారంతో మళ్ళీ కుట్టుకుంది. ఎత్తు వచ్చినప్పుడు ఎడమ భుజం కాస్త ముందుకి వాలుతుంది. అలిసినప్పుడు మెడ ఒక్కసారి విరుచుకుంటుంది. ఆవిడలో అతనికి నచ్చనిది ఒక్కటే. తిరుగుదారిలో ఎదురుగాలి కొట్టే చోట ముందు వంతు వచ్చిందంటే ఓ పట్టాన వదిలేది కాదు. అందరూ రెండు నిమిషాలుంటే ఆవిడ పది నిమిషాలు. తరవాతి వంతు తనది కాబట్టి, తన వాటా లాక్కుంటోందని పళ్ళాయనకి లోపల గుర్రుగా ఉండేది.

ఆదివారం తెల్లారి పళ్ళాయన తన సన్న టైర్ల సైకిలు భుజాన వేసుకుని మేడ దిగాడు. కింది వాటాలో అన్నయ్యా వదినా ఉంటారు. వదిన గుమ్మంలో పాల పాకెట్లు తీసుకుంటోంది. వారం వారం గుంపు కలుసుకునే మూలమీది దీపస్తంభం కేసి చూసి, మిగతా పెళ్ళివారంతా ఏరీ అని అడిగింది. వాళ్ళు మట్టిలోకి పోయారని అతను చెప్పాడు.

"నువ్వూ పోవచ్చుగా మరి?"

"నా టైర్లు అక్కడ పనికిరావు వదినా."

"టైర్లా, నువ్వా?" అంది వదిన. లోపల అన్నయ్య నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. పళ్ళాయన మొహం మాడ్చుకుని సైకిలెక్కాడు.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. గాలి వీపుని నెడుతోంది, హ్యాండిలు మీది మీటరు ముప్ఫై మూడు చూపిస్తోంది. మీరు లేకపోతే నాకేం తక్కువ అన్నట్టు తొక్కాడు. ఒకచోట గుంట వచ్చింది. కుడిచెయ్యి తనంతట తానే కిందికి దిగి, వేలితో గుంట చూపించింది. వెనక ఎవరూ లేరు. ఆ సంగతి గుర్తొచ్చాక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. చూడ్డానికి కూడా ఎవరూ లేరు.

వంతెన దగ్గర వెనక్కి తిరగ్గానే గాలి మొహాన కొట్టింది. ఇది రోజూ ఉండే గాలే, వారం వారం తను దాటే గాలే అనుకుని గేరు మార్చాడు. ఇరవై నాలుగు. తల వంచాడు. ఇరవై. మోచేతులు దగ్గరికి లాక్కున్నాడు. పందొమ్మిది. తొడలు మండటం మొదలైంది. ఏదో బ్రేకు చక్రానికి రాసుకుంటోందని అనుమానమొచ్చి దిగి చూశాడు. రాసుకోవటం లేదు. మళ్ళీ ఎక్కాడు. లారీ ఒకటి పక్కనుంచి ఊపేస్తూ పోతే సైకిలు మట్టి అంచుకి జారింది. గుంపుగా ఉంటే లారీవాళ్ళు చోటిచ్చేవాళ్ళు. ఒక్కడికి ఎవరిస్తారు? పదిహేడు.

పాల ఫ్యాక్టరీ గోడ ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా అతను రాయి మీద కూలబడ్డాడు. గుంపుతో ముప్ఫై తగ్గకుండా ఇదే దారిలో వచ్చేవాడు. ఎనిమిది మందిలో గట్టి తొక్కుడు తనదేనని లోలోపల నమ్మకం కూడా ఉండేది. ఇవాళ ఏమైంది? వారంలో ముసలితనం వస్తుందా? నోరెండిపోయింది. సీసాలో నీళ్ళున్నా తీయబుద్ధి కాలేదు. ఎదర ఖాళీ రోడ్డు, వెనక ఖాళీ రోడ్డు. భార్య పోయాక మొదటి నెలల్లో మేడమీది గది ఎలా ఉండేదో ఇప్పుడు ఈ రోడ్డు అలా ఉంది. ఈ రోడ్డు కూడా పోతే తనకింక ఏదీ లేదు అనిపించి భయం వేసింది. ఇంటికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

సోమవారం సాయంత్రం పని ముగియగానే సైకిలు నడిపించుకుంటూ మెకానిక్ షాపుకి పోయాడు. షాపు రూపే మారిపోయింది. ముందర నిలబడే సన్న టైర్ల సైకిళ్ళన్నీ ఇప్పుడు కప్పుకి కొక్కేలతో వేలాడుతున్నాయి, లావు టైర్లవి గుమ్మం దాకా బారులు తీరాయి. పదిమంది వస్తే తొమ్మిది మంది వీటినే అడుగుతున్నారట. రోడ్ల మీద లారీలు పెరిగాయి, నడుములు పట్టేస్తున్నాయి, మీటరు చూసుకుంటూ పరిగెత్తడం మీద జనానికి మోజు పోయింది అని మెకానిక్ తనంతట తానే చెప్పుకుపోయాడు. పళ్ళాయన వినిపించుకోలేదు. సైకిలు బరువుగా పోతోంది, చక్రంలో ఏదో పట్టేసింది, చూడమన్నాడు.

మెకానిక్ సైకిలుని స్టాండుకి ఎత్తి వెనక చక్రాన్ని వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ముందుది కూడా అంతే. చైను లాగి చూశాడు, పెడలు పట్టుకుని ఊపి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"సైకిల్లో ఏం లేదన్నా."

"మరి ఎందుకలా పోతోంది?"

మెకానిక్ వెనక చక్రాన్ని ఇంకోసారి తిప్పాడు. అప్పుడు పళ్ళాయనకి నాలుగు రోజులుగా లోపల ఉడుకుతున్నది ఒక్కసారి పైకొచ్చింది. ఇన్నేళ్ళు కలిసి తొక్కి, చెప్పాపెట్టకుండా అందరూ వెళ్ళిపోయారని, తనని రోడ్డు మీద వదిలేశారని, ఒక్కరికైనా అడగాలని తోచలేదా అని అన్నాడు. అతని నోటి నుంచి ఒక్క విడతలో అన్ని మాటలు మెకానిక్ ఎప్పుడూ వినలేదు.

"అడగలేదు, నిజమే," అన్నాడు. "కానీ అన్నా, మేం వెళ్ళాల్సింది ఇప్పుడు కాదు. రెండేళ్ళ కిందటే."

"వెళ్ళలేదేం మరి?"

మెకానిక్ ఇంకా తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపాడు. "అది నేను చెప్పేది కాదు. డ్రైవరమ్మని అడుగు," అన్నాడు.

మంగళవారమంతా అడగాలా వద్దా అని కొట్టుకున్నాడు. ఒకర్ని వెతుక్కుంటూ పోయి ఒక మాట అడగడం అతనికి అలవాటు లేని పని. ఆ రోజు కట్టిన సెట్టుని డాక్టరు వెనక్కి పంపాడు. కోరపన్ను తిరగేసి పెట్టాడట. పందొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. బుధవారం మధ్యాహ్నం భోజనం గంటలో అన్నం డబ్బా మూత తీయకుండానే స్కూలు వెనకాల బస్సుల షెడ్డుకి బయల్దేరాడు.

షెడ్డులో నాలుగు పసుపు బస్సులున్నాయి. డ్రైవర్లందరూ భోజనానికి పోయినట్టున్నారు. ఒక బస్సు పక్కన, పొట్టి జుట్టు నెరిసిన ఒకావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జారగా బకెట్టు ముందు కూర్చుని గుడ్డ పిండుతోంది. వేళ్ళతో కాక, రెండు మణికట్ల మధ్య పెట్టి పిండుతోంది. పళ్ళాయన గొంతు సవరించుకుని, డ్రైవరమ్మగారు ఎక్కడుంటారని అడిగాడు.

ఆవిడ తలెత్తి అతన్ని కాసేపు చూసింది. "ఏ డ్రైవరమ్మ?"

"ఆదివారాలు సైకిలు తొక్కుతారు, ఆవిడ."

ఆవిడ పిండిన గుడ్డ చేత్తో పట్టుకుంది. లేచి, అటు తిరిగి, బస్సు అద్దం తుడవడం మొదలెట్టింది. ఎడమ భుజం కాస్త ముందుకి వాలింది. మెడ ఒక్కసారి విరుచుకుంది. ఆవిడే అని పళ్ళాయనకి అప్పుడు తెలిసింది. ఆదివారాలు అందరికీ హెల్మెట్టూ నల్లకళ్ళద్దాలూ ఉండే మాట నిజమే, కానీ ఏళ్ళ తరబడి జానెడు దూరంలో ఉన్న మనిషి మొహం ఒక్కసారైనా చూసి ఉండొద్దూ? క్షమించమన్నట్టు చేతులు జోడించాడు.

"పోనీలెండి," అంది ఆవిడ అద్దంలోకి చూస్తూనే. "వీపునైనా గుర్తుపట్టారు."

తరవాత అతను అడగాలనుకున్నది ఒకటి, నోటికి వచ్చింది ఇంకొకటి. "మీరు వంతు వదిలేవారు కాదు," అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఇటు తిరిగింది. "వదిలితే గాలి మీకు తగిలేదండీ. ఫ్యాక్టరీ గోడ పక్కన గాలుండదు. అందాకా నేను పట్టుకుని, అక్కడ మీకిచ్చేదాన్ని. మీరు గమనించలేదా?"

గమనించలేదు. ఆ గోడ పక్కన తన వంతు రాగానే వరస వేగం పెరిగేది. అదంతా తన కాళ్ళ బలమే అనుకునేవాడు. ఆదివారంనాటి మీటరు కళ్ళముందు కదిలింది. ఇరవై, పందొమ్మిది, పదిహేడు. అసలు తన బలం అది.

"ఎందుకు?" అని అడిగాడు.

"మీ ఆవిడ పోయాక మూడో ఆదివారం మీరు వచ్చారు. గుర్తుందా? ఆ రోజు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నా వెనక ఏడుస్తూనే ఉన్నారు."

ఆరేళ్ళయింది. నల్లద్దాలున్నాయి, గాలి హోరుంది, అందరూ ముందుకే చూస్తున్నారు. ఏడవడానికి లోకంలో అంతకంటే చాటు దొరకదని ఆవేళ అనుకున్నాడు. "మీకు వినపడిందా?" అన్నాడు.

"జానెడు దూరంలో ఉంటే వీపుకి వినపడదా?"

అతను ఇంటికి పోయాక మిగతా ఏడుగురూ మూలమీద దీపస్తంభం కింద నిలబడి మాట్లాడుకున్నారట. ఇతనితో ఎవరూ ఏమీ అనకూడదు, గాలికి మాత్రం ముందు నిలబెట్టకూడదు అనుకున్నారట. నాలుగు వారాల ముచ్చట అనుకున్నది ఆరేళ్ళు సాగింది. రెండేళ్ళ కిందట ఆవిడ చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కడం మొదలైంది. సన్న టైరు అదురంతా అరచేతిలోకి వస్తుంది, నరం నలుగుతోంది, మానెయ్యమని డాక్టరు చెప్పాడు. లావు టైర్లలో గాలి తక్కువ కొడతారు కాబట్టి గట్టుమీద అంత అదురుండదు. అందరూ సరేనన్నారు. సరేననుకుని కూడా, ఇతను రాడు, ఆ హైవే కూడా లేకపోతే ఇతనికేం మిగులుతుంది అని ఇంకో నెల, ఇంకో నెల అంటూ నెట్టుకొచ్చారు. ఆవిడ ఇదంతా బకెట్లో నీళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది.

"పోయిన నెల ఇదిగో, ఈ బస్సు తాళం చేతిలోంచి జారిపోయింది. కింద చప్పుడైతే గానీ నాకు తెలీలేదు. పిల్లల బస్సు కదండీ. ఇంక నావల్ల కాదన్నాను."

"నాకు చెప్పి ఉండాల్సింది."

"ఎలా చెప్పను? మీ వల్ల నా వేళ్ళు పోతున్నాయి అననా?" తడిగుడ్డ బకెట్లో పడేసింది. "మీరు మాట్లాడితే కదండీ మేం చెప్పేది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని పళ్ళాయనకి అనిపించింది. ఆవిడ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి, అది నిజంగా చేతిలో ఉందో లేదో అరచెయ్యి తెరిచి చూసుకుని, అప్పుడు బస్సెక్కింది. మూడింటికి పిల్లల్ని దింపాలి. అతను షెడ్డు బయట గోడ నీడలో నిలబడి ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆరు రోజులుగా తనకి అన్యాయం జరిగిందని కుమిలిపోయాడు. తను చేసినదానికి పేరేం పెట్టాలో అతనికి తెలీలేదు.

శనివారం షాపుకి పోయి, ఉంచానన్న సైకిలు ఇమ్మన్నాడు. మెకానిక్ ఏమీ అడక్కుండా సీటు ఎత్తు సరిచేసి, టైర్లలో గాలి సగానికి సగం తీసేశాడు. బొటనవేలితో నొక్కితే టైరు లోపలికి దిగింది. పంక్చరైన బండి తొక్కినట్టుంటుందేమోనని పళ్ళాయన అనుమానించాడు, కానీ ఈసారి పైకే అన్నాడు. రెండు రోజులు అలాగే ఉంటుందని మెకానిక్ నవ్వాడు.

ఆదివారం కాలువ గట్టు మొదట్లో ఏడుగురూ ఉన్నారు. అతను వస్తుంటే ఎవరూ వింతగా చూడలేదు. వారం వారం వస్తున్న మనిషికి ఊపినట్టే చెయ్యి ఊపారు. మందుల షాపాయన మాత్రం, గురువుగారు మట్టిమీద కాలు పెట్టారని ఆకాశం వైపు దండం పెట్టాడు. బయల్దేరాక వరస అనేది లేదు. గట్టు రెండు సైకిళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పుంది. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు కోత కోసిన పొలాలు. జతలు జతలుగా కబుర్లాడుకుంటూ పోతున్నారు. ఒకాయన అల్లుడి గురించి చెబుతున్నాడు, ఇంకొకాయన మోకాలి గురించి. మొదట్లో పళ్ళాయన ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి రెండుసార్లు కాలు కింద పెట్టాడు. మెల్లగా తెలిసింది, హ్యాండిలుని బిగించి పట్టకూడదు, సైకిలు ఎటు ఊగితే అటు వదలాలి. అరచేతుల్లో అదురు లేదు. ఆ సంగతి తెలియగానే సిగ్గేసింది.

మూడో కిలోమీటరు దగ్గర చెట్లు అయిపోయి గట్టు బయలుగా ఉన్న చోటుకి వచ్చారు. ఎదురుగాలి తగిలింది. డ్రైవరమ్మ అతనికి కాస్త ఎడంగా ఒక్కతే వస్తోంది, తల వంచుకుని తొక్కుతోంది. పళ్ళాయనకి ఇంక ఆలోచన లేదు. గేరు మార్చి, నాలుగు తొక్కుల్లో ఆవిడకి ముందు జానెడు దూరంలో చేరాడు. భుజాలు వీలైనంత వెడల్పు చేశాడు. గాలి మొత్తం గుండె మీద కొడుతోంది, కొట్టనీ. తొడలు మండుతున్నాయి, మండనీ. ఆరేళ్ళ బాకీ ఒక్క గట్టు మీద తీరదని తెలుసు, అయినా మొదలంటూ పెట్టానని తృప్తి. చాటు ఇచ్చేవాడు వెనక్కి చూడకూడదు, అది హైవే మీది మర్యాద. చూడలేదు. రెండు కిలోమీటర్లు ఊపిరి బిగబట్టి లాగాడు. అంత సంతోషంగా అతను సైకిలు తొక్కి చాలా కాలమైంది.

వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది, ఈసారి ఆగలేదు. అతను మర్యాద మర్చిపోయి వెనక్కి తిరిగాడు.

డ్రైవరమ్మ తల నుంచి కాళ్ళ దాకా మట్టిరంగులో ఉంది. కళ్ళద్దాల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది, వాటి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. మిగతావాళ్ళు వాళ్ళ దుమ్ము తగలనంత దూరంలో ఎక్కడో వెనకాల వస్తున్నారు. పళ్ళాయన చక్రం లేపిన మట్టంతా రెండు కిలోమీటర్ల పొడుగునా ఆవిడ మొహానే పడింది.

"ఆపమని చెప్పొచ్చు కదా," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది.

"మీరు అంత ఇదిగా లాగుతుంటే ఎలా చెప్పను? నొచ్చుకుంటారని మింగాను." ఆవిడ పక్కకి ఉమ్మి, మోచేత్తో మూతి తుడుచుకుంది. "ఇంక మింగను. ఇక్కడ ముందుండి ఒకరికి చేసేదేం లేదండీ. పక్కకి రండి."

అతను వేగం తగ్గించాడు. ఆవిడ వచ్చి పక్కన చేరింది. హ్యాండిళ్ళు రెండూ సమంగా పోతున్నాయి. గాలి ఇద్దరికీ తగులుతోంది, దుమ్ము ఇద్దరి వెనకాలా లేస్తోంది. చూడ్డానికి ఎదురుగా వీపు లేదు. పక్కకి తిరిగితే మొహం ఉంది. చాలాసేపు అతను కళ్ళు దారి మీదే పెట్టుకుని తొక్కాడు. తరవాత అడిగాడు.

"వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉంగరం వేలికి కాస్త తెలుస్తోంది. చిటికెన వేలు ఇంకా లేదు," అంది. ఒక చెయ్యి వదిలి, వేళ్ళు ముడిచి తెరిచి చూపించింది. వస్తుందో రాదో డాక్టరు కూడా చెప్పడం లేదంది. అతను విన్నాడు. ఆవిడ బస్సు గురించి చెప్పింది, గేరు మార్చేటప్పుడు ఇప్పుడు ఏ వేలు వాడుతోందో చెప్పింది. కాసేపయ్యాక, "ఆవిడకి సైకిలు వచ్చేదా?" అని అడిగింది.

ఆరేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అన్నయ్య అడగలేదు, వదిన కూడా అడగలేదు. అడిగితే ఏమవుతాడోనని అందరికీ భయం.

"రాదు," అన్నాడు పళ్ళాయన. "వెనకాల కూర్చునేది. కొత్తలో మాకు కేరియరున్న పాత సైకిలుండేది. ఎదురుగాలి వస్తే నా వీపుకి తల ఆనించుకుని, పోనీ పోనీ, నాకేం తగలడం లేదు అనేది."

సైకిలు ఆపలేదు, మొహం తిప్పుకోలేదు, నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని తొక్కుతూనే ఏడ్చాడు. దుమ్ము పట్టిన చెంపల మీద చారలు పడ్డాయి. డ్రైవరమ్మ ఓదార్చలేదు. ఆవిడ కూడా అదే వేగంతో పక్కన తొక్కుతూ, మధ్యమధ్య అతని వైపు చూస్తూ ఉంది.

మందుల షాపాయన వెనక నుంచి తొక్కుకుంటూ వచ్చి ఇద్దరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. నీళ్ళ సీసా తీసి పళ్ళాయన వైపు చాచాడు.

"కళ్ళు కడుక్కోండి గురువుగారూ. ఈ దుమ్ముతో మొదటిరోజు అందరికీ ఇంతే."

పళ్ళాయన సీసా అందుకున్నాడు. ఔనని తల ఊపితే సరిపోయేది.

"దుమ్ము కాదండీ," అన్నాడు.